కరెంటు చార్జీల మీద అభ్యంతరం: ఎలా రాయాలి, ఎక్కడ ఇవ్వాలి, విచారణలో ఎలా మాట్లాడాలి

మీ ఇంటి కరెంటు బిల్లు ఒకటి తీసి ముందు పెట్టుకోండి. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం, నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు యూనిట్‌కు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వేరే. ఇంకొక్క యూనిట్ కాలిందనుకోండి, మీ శ్లాబే మారిపోతుంది. మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 201వ యూనిట్‌కు 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసల తేడా! గృహజ్యోతి ఉన్న ఇంట్లో అయితే 200 దాకా జీరో బిల్లు, 201 కాగానే వెయ్యి దాటిన బిల్లు.

ఈ గీత ఎవరు గీశారు? బిల్లు కొట్టడానికి వచ్చే అబ్బాయి కాదు, లైన్‌మన్ కాదు, సబ్‌స్టేషన్‌లో ఏఈ కాదు. వాళ్ల మీద అరిచి లాభం లేదు. గీసింది తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి. అందరూ ఈఆర్‌సీ అంటారు, నేను కమిషన్ అంటాను. 2003 నాటి విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, డిస్కం, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే కంపెనీ, పెట్టిన ప్రతిపాదన మీద జనం చెప్పిన సలహాలు, అభ్యంతరాలు చూశాకే కమిషన్ రేటు ఖరారు చేయాలి. అంటే మనల్ని అడగకుండా రేటు పెట్టకూడదని చట్టమే చెప్తోంది. వాళ్లు అడిగే సంగతి మనలో చాలామందికి తెలియదు, అందుకే ఎవరూ పోరు. ఎలా పోవాలో, ఏం పట్టుకుపోవాలో చెప్తాను.

నేను మొదటిసారి హనుమకొండలో కమిషన్ పెట్టిన బహిరంగ విచారణకు పోయినప్పుడు చేతిలో కాగితం లేదు. మనసులో కోపం మాత్రం బాగా ఉంది. చార్జీలు పెంచొద్దు, జనం బతకలేకపోతున్నారని చెప్పి కూర్చున్నాను. కమిషన్ వాళ్లు ఓపికగానే విన్నారు. ఆ తర్వాత వచ్చిన ఆర్డర్ అంతా వెతికితే, నేనన్నది పదిమంది అన్న మాటతో కలిసి ఒక్క వాక్యం అయిపోయింది: చార్జీల పెంపును వ్యతిరేకించారు, అంతే. మరుసటిసారి ఒక పేజీ రాసుకుపోయాను. అందులో ఒక లెక్క, ఒక ప్రశ్న ఉన్నాయి. ఆ ప్రశ్నకు డిస్కం రాతపూర్వకంగా జవాబు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఒక్క పేజీ ఎట్లా తయారు చేయాలన్నదే ఇక్కడ చెప్పేది.

ముందు మీ బాధ ఏ గడపదో తేల్చుకోండి

టారిఫ్ విచారణకు పోయి, నా మీటర్ గిర్రున తిరుగుతోంది అని చెప్పేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. పాపం, పొద్దున్నే బస్సెక్కి వస్తారు. కానీ అది అక్కడ తేలే పని కాదు. మీటర్ తప్పు, బిల్లు తప్పు, కేటగిరీ తప్పు, పేరు మార్పు, లో ఓల్టేజీ లాంటివి మీ సర్వీసుకు సంబంధించిన ఫిర్యాదులు. ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, సెక్షన్ ఆఫీసులో రాసిచ్చి ముద్ర వేయించుకోండి. అక్కడ కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. చట్టం 42వ సెక్షన్ కింద ప్రతి డిస్కంకూ ఇది ఉండి తీరాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడ కూడా న్యాయం కాలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు.

రెండేళ్ల కిందటి బాకీ అంటూ హఠాత్తుగా ఒక మొత్తం బిల్లులో వేస్తే 56వ సెక్షన్ గుర్తుంచుకోండి. చెల్లించాల్సిన రోజు నుంచి రెండేళ్లు దాటిన బాకీని, ఆ కాలమంతా బిల్లుల్లో చూపిస్తూ వస్తే తప్ప, వసూలు చేయకూడదు. అలాగే 2023 జనవరిలో మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో జనాన్ని రోడ్డెక్కించిన ఏసీడీ (అదనపు వినియోగ డిపాజిట్) ఉంది కదా, అది చార్జీ కాదు, డిపాజిట్. మీ వాడకం పెరిగిందని అదనంగా కట్టించుకునేది. చట్టం ప్రకారం దాని మీద మీకు ఏటా వడ్డీ రావాలి. కట్టి ఊరుకోకండి, ఆ వడ్డీ బిల్లులో జమ అయిందో లేదో చూసుకోండి.

గృహజ్యోతి నాకెందుకు రాలేదన్నది కూడా కమిషన్ పని కాదు. అది ప్రభుత్వ పథకం. గ్యాస్ బండ సంగతి చాలామంది అడుగుతారు. దానికి ఇలాంటి బహిరంగ విచారణ లేదు, ధర ఆయిల్ కంపెనీలు ప్రకటిస్తాయి. కరెంటుకు ఈ అవకాశం ఉన్నందుకైనా దీన్ని వాడుకోవాలని నా తాపత్రయం.

మరి టారిఫ్ విచారణలో చెప్పాల్సినవి ఏంటి? రేట్లు, శ్లాబులు, ఫిక్స్‌డ్ చార్జీలు, డిస్కం చూపించే ఖర్చులు, నష్టాలు, కొనే కరెంటు ధర, సేవల తీరు. మీ ఒక్కరికే కాకుండా మీలాంటి వాళ్లందరికీ వర్తించేది ఏదైనా అక్కడ చెప్పొచ్చు.

నోటీసు దాటిపోకుండా చూడండి

వచ్చే ఏడాదికి ఎంత ఆదాయం కావాలో చెప్తూ డిస్కంలు కమిషన్‌కు అర్జీ పెడతాయి. మామూలుగా నవంబరు నెలాఖరు గడువు. ఆలస్యమైన సంవత్సరాలు కూడా ఉన్నాయి. 2024లో అయితే ఆ ఏటి ప్రతిపాదనల మీద ఆర్డర్ వచ్చేసరికి అక్టోబరు నెలాఖరైంది. అందుకే నవంబరు నుంచి వారానికోసారి కమిషన్ వెబ్‌సైట్, మన ఉత్తర తెలంగాణ డిస్కం అయిన ఎన్‌పీడీసీఎల్ వెబ్‌సైట్ తెరిచి చూడండి. తెలుగు పేపర్లలో కూడా బహిరంగ ప్రకటన వేస్తారు, కానీ అది లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంట పడగానే ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. అభ్యంతరాలకు ఆఖరి తేదీ, విచారణ తేదీ, స్థలం, చిరునామాలు అన్నీ అందులోనే ఉంటాయి.

ఆ అర్జీ కాపీని హనుమకొండ నక్కలగుట్టలోని విద్యుత్ భవన్‌లోనూ, మీ జిల్లా ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) ఆఫీసులోనూ పైసా కట్టకుండా కూర్చుని చదువుకోవచ్చు. కాపీ కావాలంటే రుసుము కట్టాలి. వెబ్‌సైట్‌లో దించుకుంటే ఆ ఖర్చు కూడా ఉండదు. సిరిసిల్ల వాళ్లకు ఒక మాట: మీకు కరెంటు ఇచ్చేది సహకార సంఘం, సెస్. మీరు నోటీసు చూసేటప్పుడు సెస్ పేరు మీద వచ్చిన కాగితాలు కూడా వెతకండి.

వందల పేజీల్లో ఏం చదవాలి?

అన్నీ చదవక్కర్లేదు. నేను ఎప్పుడూ చివరి నుంచి మొదలుపెడతాను. చివర్లో టారిఫ్ ప్రతిపాదనలు ఉంటాయి, ఏ కేటగిరీకి ఏం మార్చమంటున్నారో అక్కడ తెలుస్తుంది. 2024లో ఇలాగే చూస్తే ఒక సంగతి కనబడింది. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50 రూపాయలు చేయమని డిస్కంలు అడిగాయి. యూనిట్ రేటు పెంచలేదు కాబట్టి, చార్జీలు పెరగడం లేదట అని చాలామంది ఊరుకున్నారు. కానీ మూడు కిలోవాట్ల లోడున్న ఇంటికి ఆ ఒక్క పద్దే 30 నుంచి 150 అవుతుంది. ఆ ప్రతిపాదనను కమిషన్ ఒప్పుకోలేదు. కాబట్టి యూనిట్ రేటుతో ఆగకుండా ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, శ్లాబుల హద్దులు నాలుగూ చూడండి.

తర్వాత ఆదాయ లోటు పట్టిక. ఇప్పుడున్న రేట్లతో వచ్చేదెంత, కావాల్సిందెంత, మధ్యలో గ్యాప్ ఎంత. ఆ గ్యాప్ ఎవరు పూడుస్తారన్నదే అసలు ప్రశ్న. ఏ వర్గానికైనా తక్కువ రేటుకో ఉచితంగానో ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే, ఆ సొమ్ము ముందుగానే డిస్కంకు కట్టాలని 65వ సెక్షన్ చెప్తుంది. కట్టకపోతే ఆ బరువు ఎప్పుడో ఒకప్పుడు ట్రూ-అప్ పేరుతో మన మీదికి రావచ్చు. ట్రూ-అప్ అంటే గడిచిన సంవత్సరాల్లో అంచనా కంటే ఎక్కువైన ఖర్చును ఇప్పుడు అడగడం. 2023లో ఇలా తేలిన మొత్తం 12,718 కోట్ల రూపాయలు. దాన్ని ప్రభుత్వం భరిస్తానంది కాబట్టి బిల్లులో మనకు కనపడలేదు. కాబట్టి ఏటా ఒక ప్రశ్న అడగాల్సిందే: గత ఏడాది ప్రభుత్వం ఇస్తానన్న సబ్సిడీలో ఎంత చేతికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది?

మూడోది వ్యవసాయం లెక్క. మన దగ్గర మోటర్లకు మీటర్లు లేవు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. మరి ఎన్ని యూనిట్లు కాలాయో ఎట్లా తెలుస్తుంది? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వాటి రీడింగుల మీద మొత్తం అంచనా కడతారు. ఈ అంచనా ఎక్కువ చేస్తే లైన్లలో పోయే నష్టం, దొంగతనం అన్నీ రైతు పేరు కింద దాక్కుంటాయి. ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగులు నిజంగా తీశారు, ఎన్ని మీటర్లు పనిచేయడం లేదు అని అడిగితే రైతును కాపాడినట్టే, ఇళ్లవాళ్లను కూడా కాపాడినట్టే. ఎం. వేణుగోపాలరావు, ఎం. తిమ్మారెడ్డి లాంటివాళ్లు ఏళ్ల తరబడి విచారణల్లో ఇలాంటి లెక్కలే అడుగుతూ వచ్చారు. పాత టారిఫ్ ఆర్డర్లు తెరిస్తే వాళ్ల అభ్యంతరాలు, డిస్కం జవాబులు పక్కపక్కనే ఉంటాయి. ఒక సాయంత్రం కూర్చుని నాలుగు పేజీలు చదవండి, ఎలా అడగాలో అదే నేర్పుతుంది.

కరెంటు కొనుగోలు ఖర్చు మీదికి మొదటి ఏడాది పోకండి. పెద్ద వాటా దానిదే, నిజమే. చెల్పూరు కేటీపీపీ, రామగుండం ఎన్‌టీపీసీ నుంచి మొదలుపెట్టి ప్లాంటు ప్లాంటుకూ స్థిర ఖర్చు, బొగ్గు ఖర్చు విడివిడిగా ఉంటాయి. అలవాటు లేకపోతే అందులో పడి అసలు పేజీ రాయరు.

సాక్ష్యం మీ ఊళ్లోనే ఉంది

మా చిన్నబాపు వాళ్ల ఊళ్లో ఒక వానాకాలం పొలాల దగ్గర 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని మీద ఎనిమిది మోటర్లు, అన్నీ ఐదు హెచ్‌పీవి. ఐదు హెచ్‌పీ అంటే దాదాపు 3.7 కిలోవాట్లు, ఎనిమిదికి ముప్పై దాకా అవుతుంది. ఇరవై ఐదు మోసేదాని మీద ముప్పై వేస్తే కాలక ఏమైతది? నాట్లు పడి పది రోజులు. మడి నెర్రెలు బారుతోంది. ఎనిమిది మంది రైతులు తలా ఇంత వేసుకుని, ట్రాక్టర్ కిరాయికి మాట్లాడి, ట్రాన్స్‌ఫార్మర్‌ను తాళ్లతో దించి ట్రాలీలో వేశారు. అడుగున గడ్డి పరిచారు, దారిలో నూనె కారుతూనే ఉంది. రిపేరు చేసే చోటికి తీసుకుపోయి, రెండు రోజులు అక్కడే పడిగాపులు కాసి, మళ్లీ వాళ్లే మోసుకొచ్చారు. నేను పోయేసరికి చిన్నబాపు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా నూనె మరకలు.

"ఎవలు తీస్కపొమ్మన్నరు చిన్నబాపూ, అది కరెంటోళ్ల పని కదా?" అన్నాను.

"ఎవలో ఒకలు పోవాలె కదా బిడ్డా. పొలం ఆగుతదా?" అన్నాడు.

ఆ రోజు నాకు తెలియని సంగతి ఇప్పుడు మీకు చెప్తున్నాను. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని కమిషన్ పెట్టిన సేవా ప్రమాణాలున్నాయి. మరమ్మతులు, నిర్వహణ పేరుతో డిస్కం ఏటా అడిగే సొమ్ము ఉంది, కమిషన్ ఒప్పుకున్నది మన చార్జీల్లోనే కలుస్తుంది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ మార్చే ఖర్చు జనం ఒకసారి చార్జీల్లో కడుతున్నారు, చిన్నబాపు వాళ్లు ట్రాక్టర్ కిరాయి రూపంలో రెండోసారి కట్టారు. ఇది ఊరి గోస, అదే సమయంలో నిఖార్సైన టారిఫ్ అభ్యంతరం కూడా.

కాబట్టి ఇవాళే ఒక నోట్‌బుక్ పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, కెపాసిటీ, దాని మీద మోటర్లెన్ని, కాలిపోయిన తేదీ, ఫిర్యాదు చేసిన టైము, ఫిర్యాదు నంబరు, మళ్లీ కరెంటు వచ్చిన టైము రాయండి. ఖర్చుకు రసీదు ఉంటే అంటించండి, లేకపోతే ఎవరు ఎంత వేసుకున్నారో రాసి సంతకాలు పెట్టించండి. ఫోన్‌లో ఫొటో తీయండి. పట్నంలో ఉంటే ఏడాది బిల్లులు వరుసగా పెట్టి, రీడింగ్ తీసిన తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. 34 రోజులకో, 36 రోజులకో రీడింగ్ తీస్తే మొదట చెప్పిన ఆ 201 గీత దాటే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు శ్లాబును రోజుల లెక్కన సర్దారా లేదా అని అడగాలి. మీ వాడలో పది ఇళ్ల బిల్లులు కలిపితే అది గట్టి సాక్ష్యం.

రాయడం

తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు రాదని ఆగిపోవద్దు. పైన మీ పేరు, పూర్తి చిరునామా, సర్వీసు నంబరు. ఏ అర్జీ మీద రాస్తున్నారో నోటీసులో ఉన్న నంబరుతో సహా. నోటీసులో ఒక చిన్న పట్టిక ఉంటుంది: అభ్యంతరం సారాంశం, డిస్కంకు కాపీ ఇచ్చిన రుజువు జతచేశారా, స్వయంగా మాట్లాడతారా. ఆ చివరిదానికి అవును అని తప్పక రాయండి. లోపలి విషయం ఇలా ఉండొచ్చు:

"మా ఊరి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్, నంబరు ఫలానా, 25 కేవీఏ, ఎనిమిది మోటర్లు. ఫలానా తేదీన కాలిపోయింది. 48 గంటల్లో మార్చాల్సి ఉండగా ఫలానా తేదీన మార్చారు. దించడం, రవాణా, మళ్లీ ఎక్కించడం ఖర్చు రైతులే భరించారు, వివరాలు జతచేశాం. మరమ్మతులు, నిర్వహణ కింద డిస్కం ఫలానా పేజీలో ఇంత మొత్తం అడిగింది. ఇందులో ట్రాన్స్‌ఫార్మర్ల రవాణాకు ఎంత ఉంది? గత ఏడాది మా సబ్ డివిజన్‌లో ఎంత ఖర్చు చేశారు? 48 గంటలు దాటినవి ఎన్ని, ఎంత పరిహారం ఇచ్చారు? రైతులు భరించిన ఖర్చు తిరిగి ఇప్పించాలని, ఓవర్‌లోడ్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా ఊరివారీగా ప్రకటించేలా ఆదేశించాలని కోరుతున్నాను."

ఇందులో తిట్లు లేవు, రాజకీయం లేదు. జరిగింది, నిబంధన, డిస్కం సొంత కాగితంలోని పేజీ నంబరు, తప్పించుకోలేని ప్రశ్న, చివర కోరిక. మీ విషయం వేరే అయినా ఈ వరుస తప్పకండి. పేజీ నంబరు వేయడం మర్చిపోవద్దు, మీరు చదివారన్న సంగతి దానితోనే తెలుస్తుంది. పది విషయాలు కలిపి రాస్తే పదింటికీ ముక్తసరి జవాబు వస్తుంది. ఒకటి, మహా అయితే రెండు చాలు. ఊరందరి తరఫున ఒకే కాగితం మీద యాభై సంతకాల కంటే, ఐదుగురు ఐదు వేర్వేరు ట్రాన్స్‌ఫార్మర్ల గురించి రాస్తే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఇక ఇవ్వడం. ఒక ప్రతి డిస్కంకు, ఇంకొకటి కమిషన్‌కు. ముందు డిస్కంకు ఇచ్చి ముద్ర, తేదీ వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టు చేసి రసీదు దాచండి. ఆ రుజువు జతచేసి హైదరాబాద్‌లో కమిషన్ సెక్రటరీకి పంపండి. ఆఖరి తేదీ లోపు చేరాలి, ఆ రోజు పోస్టు చేస్తే సరిపోదు.

విచారణ రోజు

మధ్యాహ్నం దాకా టైం ఉందిలే అనుకోకండి, మొదలయ్యే ముందే చేరండి. వరంగల్ వైపు వాళ్లకు చాలాసార్లు హనుమకొండలోనే జరుగుతుంది కాబట్టి దూరం కాదు. గుమ్మం దగ్గర పేరు రాయించుకోండి. ముందు డిస్కం వాళ్లు తమ లెక్కలు తెర మీద చూపిస్తారు, తర్వాత అభ్యంతరాలు చెప్పేవాళ్లను పిలుస్తారు. వేదిక మీద కూర్చునేది చైర్మన్, సభ్యులు. నిర్ణయం వాళ్లది కాబట్టి వాళ్లవైపు చూసి మాట్లాడండి, పక్కన ఉన్న డిస్కం అధికారులతో వాదన పెట్టుకోవద్దు.

మైకు చేతికొస్తే టెన్షన్ సహజం. కాగితం చూసి చదవడానికి సిగ్గుపడక్కర్లేదు. మీ పేరు, ఊరు, నా రాతపూర్వక అభ్యంతరం ఫలానా తేదీన అందింది అని చెప్పి, నేరుగా లెక్కకు వచ్చేయండి. దొరికేది కొద్ది నిమిషాలే. డిస్కం జవాబు ముందే మీకు అందితే అందులో ఏ ప్రశ్నకు జవాబు లేదో అదే చెప్పండి. "రవాణాకు ఎంత ఖర్చు చేశారని అడిగాను, చర్యలు తీసుకుంటున్నామని రాశారు. అంకె ఇప్పించండి" అంటే చాలు. మీ యాసలోనే మాట్లాడండి. చిన్నబాపు లాంటి రైతును వెంట తీసుకుపోయి, ట్రాలీలో నూనె కారిన సంగతి ఆయన నోటితోనే చెప్పిస్తే ఇంకా మంచిది.

2000 సంవత్సరంలో ఉమ్మడి రాష్ట్రంలో చార్జీలు పెంచినప్పుడు, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విచారణ హాల్లో ఖాళీ కుర్చీలు చూసినప్పుడల్లా నాకు వాళ్లు గుర్తొస్తారు. మీరు వచ్చేటప్పుడు ఇంకో ఇద్దరిని వెంట పెట్టుకుని రండి.

ఆర్డర్ వచ్చాక

అర్జీ అందిన 120 రోజుల్లో కమిషన్ ఆర్డర్ ఇవ్వాలన్నది చట్టం మాట. వెబ్‌సైట్‌లో వచ్చాక, వెనుక అనుబంధంలో అభ్యంతరాలు ఇచ్చినవాళ్ల జాబితా ఉంటుంది, మీ పేరు ఉందో లేదో చూడండి. తర్వాత మీ విషయం మీద మూడు ముక్కలు వెతకండి: మీరేమన్నారు, డిస్కం ఏమంది, కమిషన్ ఏమంది. ఆర్డర్ నచ్చకపోతే 45 రోజుల్లో ఢిల్లీలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోయే హక్కు ఉంది. కానీ అది ఖర్చుతో కూడిన పని, సంఘంగా ఉంటేనే ఆలోచించండి.

మన చేతిలో ఉన్న పని వేరే ఉంది. ఆర్డర్‌లో డిస్కంకు ఇచ్చిన ఆదేశాల పట్టిక ఉంటుంది: ఫలానా పని చేయండి, ఫలానా వివరాలు సమర్పించండి అని. మీ ట్రాన్స్‌ఫార్మర్ల విషయానికి దగ్గరగా ఉన్న ఆదేశం ఏదైనా ఉంటే దాని నంబరు, గడువు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. నవంబరులో మళ్లీ అర్జీ పడుతుంది. అందులో ఆ ఆదేశం ఎదురుగా డిస్కం ఏం రాసిందో ముందు చూడండి. మీ కొత్త అభ్యంతరం మొదటి వాక్యం అక్కడి నుంచే మొదలవుతుంది.